అరికాలో కుట్టిన సీటు

చిలీ ఉత్తర కొసన, ఎడారికీ సముద్రానికీ మధ్య ఉన్న అరికాలో పరుపులు కుట్టుకునే నోల్బెర్తా వాంకా ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా కారు ఎక్కి ఎరగదు. అలాంటి మనిషిని వెతుక్కుంటూ 1963లో కార్ల ఫ్యాక్టరీ యజమాని దోన్ ఎవారిస్తో వచ్చాడు. విడిభాగాలు విదేశాల నుంచి తెచ్చి బిగిస్తే చాలదని, ఏటా మరికొన్ని దేశంలోనే చేయించాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఈసారి వంతు సీట్లది.

"కారు సీటు కుట్టగలవా అమ్మా?"

"పడుకునేవి కుడుతున్నాను, కూర్చునేది కుట్టలేనా సార్?"

పరుపు స్ప్రింగులే పెట్టి కుట్టింది. దోన్ ఎవారిస్తో దర్జాగా కూర్చోగానే సీటు ఎగరేసింది. తల వెళ్లి కారు కప్పుకు తగిలింది. పనివాళ్లు నవ్వాపుకోలేక రేకుల చాటుకు పోయారు.

"మెత్తగా కూర్చోవాలి సార్, దూకకూడదు," అంది నోల్బెర్తా.

సగం స్ప్రింగులు తీసేసి, గుర్రపు వెంట్రుకలు కూరింది. నాలుగోసారి ఆయన సీట్లోంచి లేవకుండా సిగరెట్టు మొత్తం కాల్చి, "రేపే పనిలోకి రా," అన్నాడు.

"వస్తాను. కానీ ఒక్కసారి వీటి మీద కూర్చుని శాంటియాగో వెళ్లాలి."

తయారైన కార్లను డ్రైవర్లు రెండు వేల కిలోమీటర్లు నడుపుకుంటూ రాజధానికి చేర్చేవాళ్లు. లౌతారో అనే డ్రైవరు ఆమెను ఎక్కించుకున్నాడు. దారి పొడవునా ఆమె ముందు నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి మారుతూనే ఉంది.

"కుదురుగా కూర్చో అక్కా, ఈగ కూడా ఇన్ని చోట్లు మారదు."

"అన్నీ నేను కుట్టినవే. ఒకదాన్ని ముద్దుచేసి మిగతావాటిని చిన్నబుచ్చనా?"

ఢీకొట్టడానికి రాయి కూడా లేని చోట అతను స్టీరింగు ఇచ్చాడు. కారు పాములా మెలికలు తిరుగుతుంటే ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"ఇంతకీ బ్రేకు ఏది తమ్ముడూ?"

"ఇప్పుడా అడగడం?"

శాంటియాగో దుకాణంలో ఒకావిడ సీట్లో కూర్చుని, "ఎంత హాయిగా ఉందో. ఇటలీదా?" అంది. అమ్మకందారు తల ఊపబోయాడు. ఒంటినిండా దుమ్ముతో నోల్బెర్తా అడ్డం వచ్చింది.

"అరికాలోదమ్మా. నా చేత్తో కుట్టాను. కింద చెయ్యిపెట్టి చూడండి, ముడి దొరుకుతుంది."

ఆవిడ నిజంగానే వంగి వెతికింది, ముడి దొరికింది, కారు కొనేసింది. నోల్బెర్తా బయట అరుగు మీద కూర్చుని ఒక్కతే నవ్వుకుంది.

కొన్నేళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. నోల్బెర్తా అప్పటికి తన దగ్గర పని నేర్చిన పదకొండు మంది ఆడవాళ్లతో కలిసి ఉత్తరాది బస్సులన్నిటికీ సీట్లు కుట్టే దుకాణం తెరిచింది.