నిండుకున్న గింజలు

పాతకాలపు సాధువుల కథలకు చిలవలు పలవలు అల్లి అమ్ముకునే మహిమల మేస్టారు వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పుతాడు. మహిమ కనపడకపోతే మొహం చిట్లిస్తాడు. మూలకథలో సాధువు భార్య, "గింజలు అయిపోయాయి. పిల్లలకేం పెట్టను?" అని మొగుణ్ణి నిలదీసింది. అయిపోయాయనడం అశుభమని వెనకటి అనువాదకుడు "నిండుకున్నాయి" అన్నాడు. మేస్టారు ఆ మాట పట్టుకుని ఖాళీ కుండల్లో గింజలు పొంగించేశాడు. ఇక పిల్లల ప్రశ్న అక్కర్లేదని కొట్టేశాడు.

ప్రూఫులు దిద్దే చెల్లెలు ఆ కాగితం తెచ్చి అతని ముందు పడేసింది.

"అన్నయ్యా, నిండుకోవడమంటే అయిపోవడమని నీకు తెలీదూ?"

"తెలుసులేవే. ఆకలి గురించి రాస్తే ఎవడు కొంటాడు?"

"కథ మొత్తానికీ ఆవిడ మాట్లాడింది అదొక్కటే. అదీ మింగేశావు!"

మేస్టారు జాలిపడ్డవాడిలా కలం తీసి ఆవిడ నోట ఓ మాట పెట్టాడు: "ధన్యురాలిని, స్వామీ."