గిటారు మోతను మింగిన కరెంటు పొయ్యి

1968 శ్రావణమాసం, రెండో శుక్రవారం, సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు, నేను పేరంటాళ్లకు వాయనాలిస్తుండగా, మావారు వంటింట్లో చతికిలబడి నా కరెంటు పొయ్యి విప్పారు. మా పుట్టింటివాళ్లు ఇచ్చిన పొయ్యి. ఇన్నేళ్లకు అది మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, నిన్న మనవడు తన గిటారు ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ మధ్య చిన్న పెట్టె ఒకటి తగిలించి, దీంతో చప్పుడు తగ్గుతుంది గానీ నాదం చెడదు నాన్నమ్మా అంటూ నాకు పాఠం మొదలుపెట్టాడు. ఆ పాఠం నా కాఫీ పొయ్యిని బలిపెట్టి ఎప్పుడో నేర్చుకున్నాను నేను.

విజయనగరంలో మా మామగారు వయొలిన్ నేర్పేవారు. పొద్దున్నా సాయంత్రమూ వీధి అరుగు మీద శిష్యులు వరసగా కూర్చుని స్వరాలు పలికించే ఇల్లు. నెల్లిమర్లలో గుమాస్తాగా చేసే మావారికేమో కరెంటు గిటారు పిచ్చి. పెళ్లిళ్లలో వాయించే బృందం ఒకటి విడిపోతుంటే ఆ గిటారూ, గాజు వాల్వుల ఆంప్లిఫయరూ కొని తెచ్చారు. ఆ పెట్టెది దిక్కుమాలిన గుణం. మీట సగం తిప్పితే తీగ పొడిపొడిగా, రేకు మీద గోరు గీసినట్టు పలికేది. చివరికంటా తిప్పితేనే నాదం చిక్కబడి మీగడ కట్టేది. అలా తిప్పిన రోజున అరుగు మీద శిష్యులకు తమ వయొలిన్ కమాను తమకే వినబడేది కాదు.

తండ్రీకొడుకులు ఈ విషయంలో ఒకరితో ఒకరు మాట్లాడరు. రాయబారం నాది. "కరెంటుతో అరిచీది వాద్యం కాదని మీ ఆయనకి చెప్పమ్మా" అని ఆయన అరుగు మీంచి, "పీక నొక్కీస్తే పాటెలా వస్తాదో మీ మావగారినే అడుగు" అని ఈయన గదిలోంచి. మధ్యలో ఉన్నది ఒక్క తలుపు, దానికి గడియ కూడా లేదు. నా చేతిలో పప్పు గరిటె.

స్పీకరును వడ్ల గాదెలో దించారు, బొంతలు కప్పారు. నాదం చచ్చింది గానీ గోల మిగిలింది. చివరికి తోచిన ఉపాయం నా పొయ్యిలోని కాయిల్. స్పీకరుకు పోయే తీగను తెంపి మధ్యలో దాన్ని ఇరికిస్తే, బలంలో చాలావంతు కాయిలే వేడిగా మింగేసి స్పీకరుకు గుక్కెడు వదులుతుందట. పేరంటాళ్లు వెళ్లాక, ఈయన అడ్డదిడ్డంగా తుంపబోతుంటే చూడలేక, కాయిల్‌ను చాపి కొలిచి గుర్తులు పెట్టింది నేనే. కొలిచినంత మేర పెంకుముక్క మీద చుట్టి స్పీకరు వెనక పెట్టారు. అబద్ధమెందుకు, మీట చివరికంటా తిప్పినా పాట గది దాటలేదు, మీగడా చెదరలేదు. నా కాఫీ మాత్రం మళ్లీ కట్టెల పొయ్యి మీదికి, కళ్లమంటల్లోకి పోయింది.

దసరా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం మామగారు ఆ తలుపు దగ్గర ఆగారు. "ఎవరమ్మా రేడియోలో, బాగున్నాది" అన్నారు. రేడియో కాదన్నాను. తలుపు తోయలేదు, పాట అయ్యేదాకా కదలనూ లేదు. అప్పుడు, "దశమినాడు అందరితోపాటు కూర్చోమను, వింటాను" అన్నారు.

మహర్నవమికి మా ఇంట్లో వాద్యాలన్నీ సరస్వతి పటం ముందు పెట్టి పూజిస్తారు. ఆ రోజు ఎవరూ ముట్టరు. మర్నాడు ఒక్కొక్కరే తీసుకుని గురువుగారి ముందు వాయించాలి. చిన్నప్పుడు వయొలిన్ వదిలేసిన నాటినుంచీ ఈయనకు ఆ వరసలో చోటు లేదు. ఆ మాట మోసుకెళ్లినప్పుడు ఈయన మొహం చూశాక, పొయ్యి పోతే పోయిందిలే అనుకున్నాను.

గిటారూ, దాని సరంజామా అంతా పటం ముందు చేరింది. దశమినాడు శిష్యులందరిదీ అయ్యాక ఈయన వంతు. మీట చివరికంటా తిప్పి తీగ మీటారు. చప్పుడు లేదు. వాల్వులు వేడెక్కలేదేమోనని ఆగి మళ్లీ మీటారు, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా. లక్క కాలినట్టు వాసన వచ్చింది, పెట్టెలోంచి పొగ లేచింది. స్పీకరు వెనక్కి వెళ్లి చూద్దును గదా, తీగలు రెండూ వేలాడుతున్నాయి, కాయిల్ చుట్టిన పెంకు లేదు. బలం పోవడానికి దారిలేక లోపలి ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయింది.

"నేనే తీసీసాను" అన్నారు మా అత్తగారు, ఏ తొట్రుపాటూ లేకుండా. "పొయ్యి ముక్కే అది! అంటు సామాను సరస్వతి ముందర ఎలా ఉంచమంటావే? నీకైనా తెలియొద్దేటి?" పెంకును కడిగి వంటింటి గూట్లో భద్రంగా పెట్టారట. ఎటు తిరిగినా తప్పు నా నెత్తికే.

శిష్యులు నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. మామగారు పైపంచె కొంగుతో పొగ విసురుకుంటూ, నా వైపు తిరగకుండా, నేరుగా కొడుకుతోనే అన్నారు: "సన్నగా వాయించమన్నాను గానీ, మరీ ఇంత సన్నగానేటిరా? బాగుచేయించు. వచ్చే దసరాకి వింటాను."

బాగుచేయించడానికి విశాఖపట్నం పంపాం. పెట్టె మాఘంలో తిరిగొచ్చింది. మామగారు వైశాఖంలో పోయారు. మావారు ఆ తర్వాత చాలా ఏళ్లు వాయించారు, మీట సగానికే తిప్పి.

ఇప్పుడు మా ఇంట్లో మనవడి గిటారు గది దాటదు, మిగతావాళ్లది ఎవరి పాట వారి చెవుల్లోనే. తగ్గించమని ఒకరు అరవక్కర్లేదు, మధ్యన నేను గరిటె పట్టుకుని తిరగక్కర్లేదు. తలుపు అవతల ఆగి వినేవాళ్లు కూడా లేరు. నా యీడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ సుఖం ఎలాంటిదో.

ఆ ఏడాది పోయినవి: పొయ్యి కాయిల్ ఒకటి. ట్రాన్స్‌ఫార్మరు ఒకటి. మామగారు వింటానన్న పాట ఒకటి.