మూడో ప్రకటన

మేం క్రైస్తవులం. మా గుళ్ళో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని సంఘాన్ని అడుగుతారు. అడిగి ఓ రెండు క్షణాలు ఆగుతారు. ఆ రెండు క్షణాల్లో ఎవరో దగ్గుతారు, ఏ చంటిపిల్లో ఏడుస్తుంది, అంతే. ఆ ప్రశ్నకు జవాబుంటుందని మావాళ్ళెవరూ అనుకోరు. నాకు ప్రధానం జరిగిన మనిషి కూడా అనుకోలేదు. అది అతను చేసిన రెండో తప్పు.

దివిసీమ ఉప్పెనకు ముందు ఏడాది సంగతి ఇది. నేను విజయవాడలో ఎలిమెంటరీ బళ్ళో టీచర్ని. నాన్న లేరు, ఇంట్లో అమ్మా నేనూ. అతను వన్ టౌన్‌లో ఓ హోల్‌సేల్ కొట్లో గుమాస్తా, ఆదివారం మా గుళ్ళో పాటలు పాడేవాడు. పద్ధతైన పిల్లాడని పేరు. ప్రధానం అయ్యాక కూడా నాకు నాలుగడుగుల ఎడంగా నడిచేవాడు. ఒకసారి బస్సెక్కబోతూ నేను తూలితే చెయ్యివ్వలేదు. "అందరూ చూస్తారు" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయాను. నా మొహం.

ఓ శనివారం ఏలూరులో మా పిన్నిని చూసి వస్తుంటే, మధ్యాహ్నం బస్సు హనుమాన్ జంక్షన్‌లో ఆగింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన అతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒకామె చెప్పు తెగితే పురికొసతో కట్టిపెడుతున్నాడు. ఆమె అతని భుజం మీద చెయ్యేసి, ఒంటికాలి మీద నిలబడి నవ్వుతోంది. ఆమె మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అక్క. భర్త పోయి నాలుగేళ్ళయింది. నా పెళ్ళి జాకెట్టు కుడుతున్నది ఆవిడే. చెప్పు కట్టడం అయ్యాక ఇద్దరూ పక్కనున్న లాడ్జి మెట్లెక్కారు. అతను ముందు ఎక్కి, వెనక్కి తిరిగి, ఆమెకు చెయ్యిచ్చాడు.

గన్నవరం దాకా ఏడ్చాను. రామవరప్పాడు వచ్చేసరికి ఏడుపు పోయి ఒళ్ళు మండడం మొదలైంది.

అమ్మతో చెప్పాను. బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది.

"మగాడమ్మా. పెళ్ళయితే వాడే దారికొస్తాడు."

"నాకీ పెళ్ళొద్దు. వద్దని కబురు పెట్టేద్దాం."

"పెడితే ఏమంటారో తెలీదుటే? పిల్లలోనే ఏదో ఉందంటారు. మీ పిన్నికేమైందో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పిన్ని సంబంధం అలాగే గుట్టుగా తప్పిపోయింది. తప్పు ఆ అబ్బాయిది. కానీ వాళ్ళు పిన్నికి మూర్ఛరోగమని ప్రచారం చేశారు. మళ్ళీ ఒక్క సంబంధం రాలేదు. ఏలూరులో ఒంటరిగా బతుకు వెళ్ళదీస్తోంది. గుట్టుగా తెంచుకుంటే మచ్చ నాకు, ఇంకో పెళ్ళి అతనికి. నేను ఛస్తే ఒప్పుకోను అనుకున్నాను.

మర్నాడే మొదటి ప్రకటన. నేనప్పుడే లేచి అభ్యంతరం చెప్పొచ్చు, లేవలేదు. శుభలేఖలు ఇంకా పంచలేదు మరి. అతని తల్లి ఉయ్యూరు నుంచి గుడివాడ దాకా చుట్టాలందరికీ పంచేవరకు ఆగాను. అతను పడితే మేడ మీంచే పడాలి గానీ అరుగు మీంచి పడితే ఏం లాభం? ఈ మాట రాయడానికి నాకేం సిగ్గుగా లేదు.

ఆ రెండు వారాల్లో జాకెట్టు కోసం మూడుసార్లు వెళ్ళాను. "చంక దగ్గర పట్టేస్తోందక్కా" అన్నాను. విప్పి కుట్టింది. "ఇప్పుడు వదులైంది" అన్నాను. మళ్ళీ విప్పింది. మూడోసారి, "మొదట కుట్టిందే బావుందక్కా" అన్నాను. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని, నా మొహంలోకి చూడకుండా మళ్ళీ కుట్టింది.

"మూడో ప్రకటన రోజు నా పక్కన కూర్చోవాలక్కా" అన్నాను.

"నేనెందుకులే అమ్మాయ్."

"నువ్వు లేకపోతే ఎలా?"

ఆవిడ పేరు అందరి ముందూ చెప్పి తల దించుకునేలా చెయ్యాలని నా ఆలోచన. వచ్చింది. నా పక్కనే చాప మీద కూర్చుంది.

అయ్యగారు పేర్లు చదివారు. అడిగారు. ఆగారు. నేను లేచాను.

"నాకుందండి అభ్యంతరం."

అయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నువ్వు పెళ్ళికూతురివి కదమ్మా" అన్నారు, నేనా సంగతి మర్చిపోయినట్టు.

"అవునండి. ప్రధానం అయ్యాక ఇతను వేరే ఆవిడతో హనుమాన్ జంక్షన్‌లో లాడ్జికెళ్ళాడండి. నా కళ్ళారా చూశాను."

అమ్మ నా కుచ్చెళ్ళు పట్టుకుని లాగుతోంది. "కూర్చోవే, నీకు దణ్ణం పెడతాను" అంటోంది.

"ఆరాధన అయ్యాక మాట్లాడుకుందాం తల్లీ. మనం క్షమించాలి" అన్నారు అయ్యగారు.

"క్షమిస్తానండి. పెళ్ళి మాత్రం చేసుకోను. మీరు అందరి ముందూ అడిగారు, నేను అందరి ముందూ చెప్పాను."

ఇంతలో అతని తల్లి లేచింది. "పిల్లకి మతి చలించిందండి. మాకు ముందునుంచీ అనుమానమే" అంది. పిన్నికి మూర్ఛ, నాకు పిచ్చి. ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఇంకో నిమిషం గడిస్తే ఆ మాటే ఖాయమైపోయేది.

అప్పుడు అతను మగవాళ్ళ వైపు నుంచి లేచాడు. నన్ను చూశాడు, నా పక్కన కూర్చున్న ఆవిడను చూశాడు. సాక్ష్యానికి తెచ్చాననుకున్నాడు కాబోలు.

"ఆ కుట్టుమిషను దాని మాటలు నమ్మకండి. మొగుడు పోయిన ఆడది, అదే నా వెంటపడింది" అన్నాడు.

నేను అప్పటికి ఎవరి పేరూ చెప్పలేదు.

నా పక్కన చాప కదిలింది. ఆవిడ లేచి, పైట భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది.

"నాకూ ఉందండి అభ్యంతరం. మొన్న మంగళవారం కూడా నన్నే చేసుకుంటానన్నాడండి."

అయ్యగారు పుస్తకం మూసేశారు. వాళ్ళమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. అతను వాళ్ళమ్మ వెనకే వెళ్ళాడు, నాలుగడుగుల ఎడం కూడా లేకుండా.

ఆవిడ మీద తీర్చుకోవాలనుకున్న పగ నా చేతిలోంచి ఆవిడే లాగేసుకుంది. అందుకు కొన్నాళ్ళు ఉడుక్కున్నాను. నన్ను పిచ్చిదని మాత్రం ఎవరూ అనలేదు. మరుసటి ఏడాదే నాకు సంబంధం కుదిరింది. ఆ గుళ్ళో అతని పేరు పక్కన మరే ఆడపిల్ల పేరూ చదవలేదు. అతను బందరు వెళ్ళిపోయాడని, అక్కడా ఈ కథ తనకన్నా ముందే చేరిందని విన్నప్పుడు నేను ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. క్షమిస్తానని అయ్యగారికి ఇచ్చిన మాట ఇప్పటికీ నిలబెట్టుకోలేదు.