బర్రెల డాక్టరు, పెళ్లి గుర్రం

నా ఉద్యోగమంతా బర్రెలతోనూ ఎడ్లతోనూ గడిచింది. గుర్రం వైద్యం కాలేజీలో చదివి, పరీక్ష రాసి, అక్కడే వదిలేసి వచ్చాను. ధర్మసాగర్ నుంచి ఒక పెద్దాయన తన పెళ్లి గుర్రానికి ముళ్లతీగ కోసుకుందని ఫోన్ చేస్తే, తెలియదనడానికి నామోషీ అనిపించి స్కూటర్ ఎక్కాను.

తెల్ల ఆడగుర్రం. బరాత్‌లకు తిప్పి దాని మీదే బతుకుతున్నాడాయన. వెనక కాలికి, మోకాలి కింద తోలు ఊడిపోయి ఉంది. కడిగి, మందు రాసి, గాలి తగలాలని కట్టు కట్టకుండా వదిలేశాను. పది రోజులకు గాయం నిండా ఎర్రటి కండ వచ్చింది.

"మంచిగ మానుతాంది కాకా, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఎద్దుకైతే అది నిజమే.

ఆ మాట నమ్మి ఆయన ఒక బరాత్ ఒప్పుకున్నాడు. కండ మాత్రం ఆగలేదు. తోలును దాటి జామకాయంత బయటికొచ్చింది. తోలు దాని మీదికి ఎక్కలేక చుట్టూ నిలిచిపోయింది. హైదరాబాద్‌లో గుర్రాలు చూసే నా క్లాస్‌మేట్‌కు ఫొటో పంపాను.

"బర్రెల తెలివి గుర్రం కాళ్ల మీద చూపెట్టకురా" అన్నాడు. "ఆ కండ కోసి గట్టిగ కట్టు కట్టు. లేకుంటే ఎన్నేండ్లయినా మానది."

మళ్లీ వెళ్లాను. దిగగానే చెప్పేద్దామనుకున్నాను గానీ, ముందు రెండు గ్లాసుల నీళ్లు అడిగి తాగాను.

"తప్పు నాదే కాకా. మొదటి రోజే కట్టు కట్టాల్సింది. ఇప్పుడు కొయ్యాలె."

ఆయన గుర్రం మెడ నిమిరాడు. "నొస్తదా సార్?"

"ఆ కండకు నొప్పి తెల్వది. రక్తం మాత్రం మస్తు పోతది."

"నొయ్యకుంటే కొయ్యుండ్రి" అని, బరాత్ వాళ్లకు అక్కడి నుంచే ఫోన్ చేసి రాలేనన్నాడు.

మత్తు సూది వేసి కోశాను. రక్తం కారుతుండగానే గట్టిగా కట్టు బిగించాను. మూడు రోజులకోసారి కట్టు మార్చడానికి వెళ్లాను. కండ మళ్లీ పెరిగింది, మళ్లీ కోశాను. నాలుగు నెలలకు తోలు కలిసింది. రూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు ఇక రాలేదు.

మొన్న రఘునాథపల్లిలో ఒక పెళ్లికి వెళితే అక్కడ అదే గుర్రం, గజ్జెలు కట్టుకుని డప్పులకు అడుగులేస్తోంది. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని పెళ్లివాళ్లకు చూపించాడు. "కాలు పోయిందనుకున్న. ఈ డాక్టర్ సారే నిలవెట్టిండు."

నా తప్పు మరిచిపోయాడనుకుని ఊపిరి పీల్చుకున్నాను. బరాత్ అయి పెళ్లికొడుకుని దించాక, ఆయన నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"ముంగటి కాలు జర గీసుకున్నది సార్. ఈసారి మొదటి రోజే కట్టు కడ్దామా?"

సిగ్గుపడుతూనే బ్యాగు కోసం స్కూటర్ దగ్గరికి నడిచాను.