కాన్పుల గది రాజీ

యుద్ధం రోజులవి. కిరసనాయిలు, గుడ్డ, క్వినైను, ఏదీ సరిగా దొరికేది కాదు. గురజాలలో మా బోర్డు ఆసుపత్రి చిన్నది. మగవాళ్ళకు పెద్ద డాక్టరుగారు, ఆడవాళ్ళకు డాక్టరమ్మ, ఆవిడ చేతికింద కాన్పుల గదిలో నేను. భర్త పోయి పుట్టింట్లో దిక్కులు చూస్తున్న నన్ను పిలిచి పనిలో పెట్టింది ఆవిడే.

ఆవిడను తలచుకుంటే ముందు సబ్బు వాసన గుర్తొస్తుంది. మోచేతులదాకా కడుక్కునేది, నన్నూ కడుక్కోమనేది. నేను విసుక్కుంటే, "నీ గోళ్ళలో పల్నాడంతా ఉందే" అని నవ్వేది. ఆ నవ్వు మళ్ళీ వినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ ఏడు బోర్డు ప్రెసిడెంటుగారికి ఖర్చు తగ్గించాలన్న పట్టుదల వచ్చింది. చెడ్డవాడు కాదు, మొండివాడు. కాన్పుల గది మూసేద్దామన్నాడు.

"మా అమ్మ ఏడుగుర్ని ఇంట్లోనే కన్నది. ఇప్పుడు దానికో గదీ, రోజూ పాలూ, దీపాలూ ఏంది?"

"ఏడుగురిలో ఎంతమంది మిగిలారండీ?" అంది డాక్టరమ్మ.

అంతే, ఇద్దరి మధ్యా మాటలు లేకుండా పోయాయి. ఆయన చీటీ పంపితే ఆవిడ దాని వెనకే జవాబు రాసేది. మోసేదాన్ని నేను. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు, ఈలోగా బాలింతలకు పాలు ఆగిపోయాయి.

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా ప్రెసిడెంటుగారి తల్లి దగ్గరకు వెళ్ళాను. ఆమె మునిమనవడికి బొడ్డు కోసింది నేనే, ఆ చనువుంది. "నాయనమ్మా, వాళ్ళిద్దర్నీ నువ్వే కూర్చోబెట్టాల" అన్నాను.

మర్నాడు తన ఇంటి వసారాలో, నా ముందే, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చింది ముసలమ్మ. "కన్నది ఏడుగుర్ని. నలుగుర్ని మట్టిలో పెట్టా. నా కాన్పుల సంగతి నువ్వు చెప్పబాకరా" అంది కొడుకుతో. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "నువ్వూ తక్కువదానివి కాదమ్మా. తలా ఒకటి వదులుకోండి."

ప్రెసిడెంటుగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "గది ఉంచుతా. పాలూ ఇస్తా. కానీ యాడో ఒకచోట కొయ్యక తప్పదు. బోర్డులో డబ్బుల్లేవమ్మా" అన్నాడు. ఆ గొంతులో బింకం లేదు. నిజమే చెబుతున్నాడని నాకూ తెలిసింది.

డాక్టరమ్మ నన్ను చూపించింది. "ఈమె చేతికి పని వచ్చేసింది. కష్టమైన కాన్పుకు పెద్ద డాక్టరుగారు ఉండనే ఉన్నారు. నా ఉద్యోగం తీసేయండి."

నేను వద్దనాలి. అనలేదు. నిజం చెప్పాలంటే, నలుగురిలో నన్ను మెచ్చుకుందని ఆ క్షణం పొంగిపోయాను కూడా. ఆ సిగ్గు ఇంకా నన్ను వదల్లేదు.

నెల తిరక్కుండా ఆవిడ గుంటూరు రైలెక్కింది. ప్రెసిడెంటుగారే బండి కట్టించి, స్టేషన్లో పెట్టె కూడా తానే మోశాడు. ఇద్దరూ అన్నాచెల్లెళ్ళలా మాట్లాడుకున్నారు. రాజీ కుదిర్చినదాన్నని ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఆ రాజీ మీద మన్ను పొయ్యాలనిపించింది నాకు.

తర్వాత ఇరవై ఏళ్ళు ఆ గదిలోనే పనిచేశాను. బిడ్డ తల కనబడగానే, "అమ్మా, చూశారా!" అంటూ డాక్టరమ్మ నిలబడే పక్కకు తిరిగేదాన్ని. మంచం మీది మనిషి తననే అడిగాననుకుని, "నాకేం కనపడుద్ది, నువ్వే చూడు" అని కసిరేది.