గోడ వెనక ఇంగ్లండు కారు

మొన్న గోదావరిఖనిలో మా పాత క్వార్టర్లు పడగొడుతున్నారని తెలిసి, నేను, మా ఇంటామె మంచిర్యాలలో బస్సెక్కి చూడటానికి వెళ్ళాము. చూడటానికేముంది లెండి, ఇటుక ముక్కలూ వంగిపోయిన రేకులూ తప్ప! కానీ మా క్వార్టరు వెనక సందు మాత్రం లారీ పోయేంత వెడల్పుగా, ఏ అడ్డమూ లేకుండా తెరుచుకుని ఉంది. దాన్ని చూడగానే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నా వయసు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. నేను లారీల గ్యారేజీలో పని నేర్చుకుంటూ, ఎప్పటికైనా సొంత షెడ్డు పెట్టుకోవాలని కలలు కంటున్న రోజుల్లో మా నాయిన ఛాతీ చెడి బొగ్గుబావి పనికి అన్‌ఫిట్ అయ్యాడు, ఆ నౌకరీ నా మెడకు పడింది. అందరూ అదృష్టవంతుడివన్నారు. బొగ్గుబావిలో దిగిన మొదటి రోజే నాకు ఊపిరాడలేదు, నెత్తిమీది పైకప్పు ఎప్పుడు కూలుతుందోనని మెడ వంచుకునే నడిచాను. మానేద్దామా అంటే క్వార్టరు పోతుంది, నాయినకు దవాఖాన పోతుంది. పక్క క్వార్టరులో మేం కాక అని పిలిచే పెద్దాయన, పైకప్పుకు దుంగలు నిలబెట్టే టింబరు పనివాడు, నన్ను వెంట తిప్పుకుని, కప్పును కర్రతో కొట్టి చప్పుడును బట్టి మంచిదో చెడ్డదో ఎట్లా తెలుసుకోవాలో నేర్పాడు. ఆయనే లేకపోతే ఏదో ఒక రోజు పారిపోయేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో మంచిర్యాలలో పాత ఇనుము దుకాణం వెనక ఆ కారు కనబడింది. ఎవరో పెద్ద ఆఫీసరు బదిలీ మీద పోతూ వదిలేసిన ఇంగ్లండు స్పోర్ట్స్ కారట. రెండే సీట్లు, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు, పొడుగాటి మూతి, అన్నిటికన్నా ముఖ్యంగా పైన కప్పు లేదు. పొద్దంతా కప్పు కింద బతికేవాడికి అంతకన్నా ఏం కావాలి చెప్పండి! ట్రాక్టరుకు కట్టి, వెనక సందులోంచి లాక్కొచ్చి పెరట్లో ఇటుకల మీద నిలబెట్టాను. మా ఇంటామె నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూసి, "ఇగ ఇది బువ్వ గూడ వండుతదా ఏంది?" అంది.

మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, మళ్ళీ నూనె మసిలో మునిగేవాణ్ణి. హైదరాబాదు పాత సామాన్ల బజారులో సగం దొరికాయి, దొరకనివి నేనే లేతు మిషను మీద చేయించుకున్నాను. రేకు విప్పితే లోపల ఎముకలన్నీ కర్రవి, అవీ చెదలు తిన్నవి! కాక వాటిని చూసి మురిసిపోయి, టేకు తెప్పించి, బాడిశతో చెక్కి ఒక్కొక్కటే బిగించాడు. బండి నడిచిన రోజు మా ఇంటామెను పక్కన కూర్చోబెట్టుకుని, నెత్తిమీద ఆకాశంతో గోదావరి వంతెన దాటి మంచిర్యాల పోతానని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాను.

ఇట్లా ఏళ్ళకేళ్ళు గడుస్తుండగా కాకకూ బొగ్గుదుమ్ము దగ్గు ముదిరింది. గాలి తగిలే చోట పడుకోబెట్టాలని నేను అన్నా అని పిలిచే ఆయన కొడుకు సందులోకి ఒక గది వేసుకున్నాడు. మా లైన్లలో ఎవరు గది వేసుకున్నా షిఫ్టు దిగినవాళ్ళంతా చెయ్యి కలపడం అలవాటు. నేనూ ఇటుకలు అందించాను, గోడ వంకర పోకుండా దారం పట్టాను, ఇంకా రెండు వరసలు ఎత్తుగా లేపమని సలహా కూడా ఇచ్చాను. చాయ తెచ్చిన మా ఇంటామె గోడను చూసి, "మంచిగనే లేసింది గని, మరి మన బండి ఎట్ల పోతది?" అంది. అందరి చేతులూ ఆగిపోయాయి. సందుకు అవతలి కొస ఎప్పుడో మూసుకుపోయింది, మా ముందు తలుపు మనిషి పట్టేంతే. పెరట్లో బండి పెట్టుకుని, దాన్ని మూసే గోడకు దారం పట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే! కాకకు నయమయ్యాక తీసేద్దాంలే అని నవ్వుకున్నాం. కాకకు నయం కాలేదు.

బండి మాత్రం నడిచింది. ఇంజను అందుకున్న సాయంత్రం గోడ అవతలి నుంచి, "నడుస్తాందారా కొడుకా?" అని కాక కేకేశాడు. మా ఇంటామె గాలికి జుట్టు చెదరకుండా కొంగు కప్పుకుని మరీ ఎక్కింది. పెరట్లోనే బట్టలుతికే బండ దాకా పోయి, వెనక్కి వచ్చాం. అంతే దాని ప్రయాణం.

నా రిటైరుమెంటు వచ్చి క్వార్టరు అప్పజెప్పాల్సి వచ్చినప్పుడు అన్నే, "గోడ కొడ్దాం తియ్యి తమ్మీ, నాయినను ఇంట్ల పండవెడ్త" అన్నాడు. గడ్డపార తీసుకుని వెళ్ళాను. ఆ గోడ మీదే పైరేకులన్నీ ఆని ఉన్నాయి. మంచంలోంచి లేవలేని కాక, "కొట్టు కొడుకా, నాకేం గాదు" అంటూనే, బావిలో చూసినట్టు పైకప్పు వైపు చూశాడు. నన్ను ఇన్నేళ్ళు కప్పు కింద కాపాడిన మనిషి నెత్తిమీది కప్పును నేనెట్లా తీయను? గడ్డపార బయట పెట్టేసి, బండిని బోల్టు బోల్టూ విప్పి సంచుల్లో వేశాను. టేకు చట్రం ముందు తలుపులో పట్టలేదు. కోయక తప్పలేదు. రంపం చప్పుడు గోడ అవతలికి వినబడే ఉంటుంది.

ఇప్పుడు కాక లేడు, అన్న ఊరికి వెళ్ళిపోయాడు, సంచులు మా మెట్ల కింద తుప్పు పడుతున్నాయి. మొన్న ఆ సందులో మా ఇంటామె కొంగు నెత్తిన వేసుకుని ఆ కొస దాకా నడిచి, "గాలి మంచిగ కొడ్తాంది సూడు" అంది. నేనూ వెనకే నడిచాను. ఈ రోజుల్లో అందరికీ కార్లే, మిగిలిన క్వార్టర్ల ముందు నిలిపే చోటు కూడా లేదు, ఎవరు కావాలన్నా తాళం తిప్పి పోతున్నారు. నాకూ షిఫ్టు లేదు, గోడ లేదు, నెత్తిమీద కప్పు లేదు. ఒక్కసారైనా ఆ బండిలో వంతెన దాటి ఉంటే ఎంత బాగుండేదో. పొద్దుగూకే ముందు మంచిర్యాల బస్సు వచ్చింది, కిటికీ పక్క సీటు మా ఇంటామెకు ఇచ్చి కూర్చున్నాను.