పద్నాలుగు హత్యలు చేసిన చేతులు

ఆయన పద్నాలుగు హత్యలు చేశాడు. గొంతు నులిమినవి ఎనిమిది, విషం కలిపినవి అయిదు, మేడమెట్ల మీంచి తోసేసింది ఒకటి. ఇన్ని చేసినా పోలీసులు ఏనాడూ ఆయన గుమ్మం తొక్కలేదు. తొక్కకపోగా, ఆ పేటలో ఉండే హెడ్ కానిస్టేబులు తన చేతి గడియారం ఆగిపోయినప్పుడల్లా ఆయన దగ్గరికే పరిగెత్తేవాడు. ఇవన్నీ కోతలనుకుంటే నిక్షేపంగా అనుకోండి. టిక్కెట్టు కొనుక్కుని మరీ ఆ పద్నాలుగు హత్యలూ చూసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

ఆయన గడియారాలు బాగుచేసేవాడు. రెండు మేడల మధ్య ఇరుకులో, మనిషి చేతులు చాపితే గోడలు తగిలేంత కొట్టు. ఓ బల్ల, బల్ల మీద అద్దం, అద్దం కింద తెల్ల కాగితం, కంటికి భూతద్దం. ముప్పై ఏళ్ళ క్రితం ఓ రోజు గొడుగు కర్రలా సన్నగా, పొడుగ్గా ఉన్న పెద్దమనిషి ఆగిపోయిన గడియారం పట్టుకుని అక్కడికి వచ్చాడు. గడియారం వంక చూడలేదు. మనవాడి చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

"నీ మొహంతో నాకు పని లేదు. రేపు నీ చేతుల్ని పంపించు" అన్నాడు.

"చేతులొక్కటే రావు సార్. నేనూ రావాలి."

"సరే, నువ్వూ రా. మధ్యలో అడ్డం రాకు."

ఆ వచ్చినాయన సస్పెన్సు సినిమాల దర్శకుడు. అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన సినిమాల్లో హంతకుడి మొహం చివరి రీలు దాకా కనిపించదు. మేడమెట్ల కమ్మీ మీద జారే చెయ్యి, గొళ్ళెం మీద ఆగే చెయ్యి, కప్పులో పొడి రాల్చే చెయ్యి, అంతే. ప్రతి షాటూ ముందే కాగితం మీద బొమ్మ గీసి గోడకు అంటించేవాడు. కాగితం మీద లేనిది తెర మీదికి ఎక్కేది కాదు.

"హఠాత్తుగా భౌ మంటే ఎవడైనా ఉలిక్కిపడతాడు, అదేం గొప్ప? తలుపవతల మనిషున్నాడని హాల్లో వాళ్ళకి ముందే చెప్పేయ్. లోపల తల దువ్వుకుంటున్న అమ్మాయికి మాత్రం చెప్పకు. ఇక నువ్వు చెయ్యాల్సిందేం లేదు, గొళ్ళెం మెల్లగా తియ్యి చాలు" అనేవాడు పెద్దాయన.

మెల్లగా తీయడంలో మనవాడిని మించినవాడు లేడు. ఆ గొళ్ళెం తెరుచుకునేలోగా ముందు వరసలో ఒకాయనకి గడ్డం మాసిపోయిందని చెప్పుకునేవారు. బాల్కనీలో ఒకావిడ భయంతో పక్క సీటాయన ఒళ్ళో కూర్చుందిట, ఆట అయ్యాక కూడా దిగనందిట. సెట్లో ఆయన పేరెవరికీ తెలియదు. "చేతులొచ్చాయా?", "చేతులు భోంచేశాయా?", "చేతులకి టీ ఇవ్వండి!" ఇదే పిలుపు.

ఇంట్లో మాత్రం బొద్దింక కనిపిస్తే కాగితం మీదికెక్కించి కిటికీ దాకా మర్యాదగా సాగనంపేవాడు. భార్యకి ఆ చేతులంటే వల్లమాలిన గర్వం. పక్కింటావిడ కుళాయి దగ్గర గొడవకొస్తే, "మావారెంతమందిని చంపారో తెలుసుగా, ఆలోచించుకుని మాట్లాడు" అని బెదిరించేది.

ఇలా ఏళ్ళు గడిచాక ఓ మధ్యాహ్నం కొట్లో సన్నని పట్టకారుతో రవ్వగింజలో సగం లేని స్క్రూ పట్టుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. మూడోసారి చూస్తే తప్పు స్క్రూది కాదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఆయన్ని అడక్కుండానే, ఏదో కనపడని గింజ నలుపుతున్నట్టు, వాటంతట అవే ఆడుతున్నాయి.

డాక్టరు చెయ్యి చాపమన్నాడు, నడవమన్నాడు, కాగితం మీద గీత గీయమన్నాడు. గీత వానపాములా వచ్చింది.

"మందులతో కొన్నాళ్ళు నెట్టుకు రావచ్చండీ. తగ్గేది మాత్రం కాదు."

భార్యకు చెప్పలేదు. చెబితే ఆవిడ దగ్గర ఇంకేం మిగులుతుందని భయం. ఇంట్లో చెయ్యి జేబులోంచి తీయడం మానేశాడు. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, చలిగా ఉందనేవాడు.

"మండుటెండలో చలేంటండీ? జ్వరం గాని తగిలిందా?"

"పెద్దవాణ్ణవుతున్నానే."

"అయితే ఆ దుప్పటేదో మడతపెట్టకుండా ఉంచుతాలెండి" అని నవ్వేది.

అదే ఏడు పెద్దాయన తన ఆఖరి సినిమా మొదలుపెట్టాడు. గోడ మీద నూట పదకొండో బొమ్మ: చీకటి వరండా, తలుపు, తాళంలోకి చప్పుడు లేకుండా దూరే తాళంచెవి. ఎక్కడా కట్ లేదు. సినిమా మొత్తం ఆ ఒక్క షాటు మీదే నిలబడుతుంది. ఆ బొమ్మ ముందు మనవాడు చాలాసేపు నుంచున్నాడు. ఈ ఒక్కటీ చేసేస్తే చాలు, ఆ తర్వాత చేతులు ఏ గంగలో దూకినా పర్లేదనుకున్నాడు.

సంగతి మొదట పసిగట్టింది మేకప్ మేన్. ముప్పై ఏళ్ళుగా ఆ గోళ్ళు కత్తిరించి, ఆ వేళ్ళకి పౌడరద్దినవాడు.

"ఏంటన్నా ఇది? నా బ్రష్షు ఆడట్లేదు, నీ చెయ్యే ఆడుతోంది!"

"అరవకురా నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళొద్దులే, ఆ చేతుల్తో పట్టుకుంటే చక్కిలిగింతలు పెడతాయి" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. "పెద్దాయన కనిపెట్టేస్తాడన్నా. ఆయన కళ్ళు మామూలు కళ్ళు కావు."

ఉపాయం మనవాడికే తట్టింది. బిగుతైన తోలు గ్లౌజులేసుకుంటే వేళ్ళ ఆట లోపలే అణిగిపోతుంది. పెద్దాయన ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, చిన్న మాట. ఈసారి హంతకుడు నల్ల గ్లౌజులేసుకుంటే?"

సెట్టంతా బిగుసుకుపోయింది. గీసిన బొమ్మని మార్చమనడానికి ఎవరికీ అన్ని గుండెలుండేవి కావు. పెద్దాయన ఆ బొమ్మ వంక చూశాడు, పెన్సిలు తీసి చేతికి నలుపు దిద్దాడు.

"బాగుందయ్యా. ముప్పై ఏళ్ళకి నోరు విప్పినా మంచి మాటే చెప్పావు."

ఆ సాయంత్రం మనవాడు ఇంటికి కూనిరాగం తీస్తూ వెళ్ళాడు.

షాటు రోజు మేకప్ మేన్ గ్లౌజుల లోపల మణికట్టుకి గట్టిగా పట్టీ చుట్టాడు. లైట్లు వెలిగాయి. చెయ్యి వరండా గోడ వెంట జారింది, ఆగింది, తాళంచెవి తీసింది. అంతా బొమ్మలో ఉన్నట్టే. తాళంచెవి తాళానికి ఆనగానే మాత్రం చప్పుడు మొదలైంది.

కిటకిటకిట.

ఊపిరి కూడా వినిపించని ఆ నిశ్శబ్దంలో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు వినిపించింది. మళ్ళీ తీశారు. మళ్ళీ కిటకిట. తొమ్మిది సార్లు తీశారు. పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఎన్నాళ్ళనించి?"

"ఏడు నెలల్నించండీ."

"నాకు చెప్పలేదేం?"

పెద్దాయన గొంతు పెంచలేదు. "గ్లౌజులు తీసి వాడికివ్వు" అని మేకప్ మేన్ని చూపించాడు.

"నావల్ల కాదండీ! నేను పౌడరు రాసుకునేవాణ్ణి, నాకివన్నీ ఏం తెలుసు?" అన్నాడు మేకప్ మేన్.

"తెలియక్కర్లేదు. గ్లౌజులో దూరాక ఎవరి చెయ్యైతే ఏం? బొమ్మలో ఉన్నట్టు చెయ్యి."

గ్లౌజులు కావాలన్నది ఎవరో సెట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. తన చేతులు తొడిగిన వెచ్చదనం ఇంకా ఆరని ఆ తోలులోకి వేరే చేతులు దూరడం ఆయన గోడవారన నిలబడి చూశాడు. మేకప్ మేన్ ఒక్క టేకులో ఓకే చేశాడు. చప్పట్లు మోగాయి. "చేతులకి టీ ఇవ్వండి!" అని ఎవరో అలవాటుగా కేకేశారు. గ్లాసు మేకప్ మేన్ దగ్గరికి వెళ్ళింది. అతను అది తాగలేక, కింద పెట్టలేక ఏడ్చాడు.

ఇంట్లో భార్య ఎదురొచ్చింది. "ఎలా వచ్చింది?"

"ఒక్క టేకులో ఓకే."

"నాకు తెలుసు!" అంది.

ఆయన అన్న మాట నిజమే. అబద్ధం ఎక్కడుందో ఆయనకే తెలుసు.

సినిమా విడుదలైన రోజు ఆవిడ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. మధ్య వరసలో సీట్లు దొరికాయి. కూర్చోగానే ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. విరామం అయ్యాక చీకటి వరండా వచ్చింది. నల్ల గ్లౌజు గోడ వెంట జారుతుంటే హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆవిడ ఆగలేక పక్క సీటావిడ చెవిలోకి వంగింది.

"అవి మావారి చేతులండీ. ఎన్ని గ్లౌజులు తొడిగితే మాత్రం నేను పోల్చుకోలేనా? ఆ తీరు చూడండి, అలా ఎవరికొస్తుంది?"

"నిజమా! ఈయనేనా?" పక్కావిడ కళ్ళింతలు చేసుకుని ముందుకు వంగింది. "ఏదీ, ఒక్కసారి చూపించరూ!"

"చూపించండీ, పాపం అంత ఇదిగా అడుగుతున్నారు" అంది భార్య. "సిగ్గేంటండీ ఈ వయసులో?"

"తర్వాత" అన్నాడు ఆయన.

"తర్వాతేంటి, ఇప్పుడే బావుంటుంది. అక్కడా ఇక్కడా ఒకేసారి చూసుకుంటారు. తీయండీ."

తెర మీద తాళంచెవి చప్పుడు లేకుండా లోపలికి దిగుతోంది. ఆయన ఒంటి బరువంతా చేతుల మీద మోపాడు. అయినా ఆగలేదు, సీటు సన్నగా అదురుతోంది. తాళం తెరుచుకుంది. హాలంతా కెవ్వున అరిచింది. ఆ అరుపుల్లోనే ఆవిడ నవ్వుతూ, చెయ్యి బయటికి లాగడానికి ఆయన మోచెయ్యి పట్టుకుంది.